ప్రయోగం

నేను హైస్కూల్లో సైన్సు చెబుతాను. పుస్తకంలో కొన్ని పేజీల్లో ‘ప్రయోగశాల కృత్యం’ అని ఒక శీర్షిక ఉంటుంది. దాని కింద ఉద్దేశం, కావలసిన పరికరాలు, చేసే విధానం. ఇన్నేళ్లుగా చెబుతున్నా, ఆ రెండు మాటలు పైకి చదివేటప్పుడు మా మామ్మ గుర్తుకొస్తుంది. ఆవిడ ఎదురుగా ఉండి వింటే పాఠం సాగనిచ్చేది కాదు. నా నెత్తి మీద చెయ్యి పెట్టి ఆంజనేయ దండకం అందుకునేది. ఆవిడకి తెలిసిన తెలుగులో ప్రయోగం అంటే చేతబడి. కృత్య అంటే ఆ చేతబడి నుంచి లేచి వచ్చే రాక్షసి. బళ్ళో ఆ రెండూ పక్కపక్కన పెట్టి పిల్లల చేత చేయిస్తారని ఆవిడకి నేనెలా చెప్పను?

మాది పశ్చిమగోదావరిలో కాలవ పక్కన ఊరు. మామ్మ అంటే మా నాన్న వాళ్ళమ్మ. ప్రయోగం అనే మాట మొదటిసారి ఆవిడ నోటే విన్నాను. 1993, ఆషాఢమాసం, నేను తొమ్మిదో తరగతి. పక్కింటి పిల్లాడికి ఏడేళ్లుంటాయి, వారం నుంచి అన్నం ముట్టట్లేదు. కళ్ళు వాలిపోయి, ఎత్తుకుంటే మెడ ఒక పక్కకి వాల్చేసేవాడు. ఒకరోజు పొద్దున్నే వాళ్ళ గేటు ముందు నిమ్మకాయ కనిపించింది.

ఆ కాయ నాకిప్పటికీ కళ్ళకి కట్టినట్టుంది. నాలుగు పక్షాలుగా కోసి, అడుగున విడిపోకుండా వదిలేశారు. మధ్యలో కుంకుమ కూరారు. రాత్రి చినుకులకి ఆ కుంకుమ తడిసి, ముద్దగా నల్లబడింది. పక్కన నాలుగు బియ్యపు గింజలు, ముడివేసిన నల్లదారం ముక్క. పిల్లాడి తల్లి గుమ్మం దాటి రాలేక గడప పట్టుకుని నిలబడిపోయింది. ఎవరో చీపురుపుల్లతో దాన్ని దూరంగా నెట్టారు. కాయ దొర్లినచోట మట్టి మీద ఎర్రటి చార పడింది.

మామ్మ అరుగు మీద నుంచి చూసి, గొంతు తగ్గించి అంది: “ఇది జబ్బు కాదే అమ్మడూ. ఎవరో ప్రయోగం చేయించారు.”

‘చేశారు’ అనలేదు, ‘చేయించారు’ అంది. ఈ విషయంలో అందరూ అలాగే అంటారని తర్వాత గమనించాను. ఆ ఒక్క క్రియలో ఇద్దరు మనుషులున్నారు. చేసినవాడొకడు, వాడికి డబ్బిచ్చి చేయించినవాడొకడు. ఇద్దరి పేర్లూ వాక్యంలో ఉండవు. ఏం చేయించారో కూడా చెప్పక్కర్లేదు. ‘వాడికి చేయించారట’ అంటే చాలు, వినేవాళ్ళకి అర్థమైపోతుంది. ఖాళీగా ఉన్న కర్త స్థానంలో ఎవరిని కూర్చోబెట్టాలో వీధిలో జనం చూసుకుంటారు.

మా వీధి జనం చూసుకున్నారు. సాయంత్రానికల్లా ఎవరో అననే అన్నారు, “కాయ ఎక్కడిదో తెలుస్తూనే ఉందిగా” అని.

మా వీధి మొత్తానికి నిమ్మచెట్టు ఒక్కటే. వీధి చివర, రెండు గదుల పెంకుటింటి దొడ్లో ఉండేది. ఆ ఇంట్లో ఒక పెద్దావిడ ఒక్కతే ఉండేది. పిల్లలు లేరు, భర్త ఎప్పుడో పోయాడు. మేం పిల్లలందరం నిమ్మచెట్టు అమ్మమ్మ అనేవాళ్ళం. మామ్మా ఆవిడా ఒకర్నొకరు ‘వదినా’ అని పిలుచుకునేవాళ్ళు, చుట్టరికం ఏమీ లేకపోయినా. నిమ్మచెట్టుకి ముళ్ళుంటాయని నాకు తెలిసింది ఆవిడ చేతులు చూసే. వేళ్ళ మీద, ముంజేతుల మీద సన్నటి గీతలు, కొన్ని మానినవీ, కొన్ని పచ్చివీ. ఎవరింట్లో వాంతులైనా, చుట్టాలొచ్చినా, పులిహోర కలపాలన్నా పిల్లల్ని ఆవిడ దగ్గరికే తోలేవాళ్ళు. కాయలు కొంగులో పోసుకొచ్చి మా చేతుల్లో పెట్టేది. డబ్బులిస్తే తీసుకునేది కాదు. ఆ గేటు ముందు దొరికిన కాయ ఆవిడ చెట్టుదే అయ్యుంటుంది నిజమే. మా వీధిలో ఏ ఇంటి వంటింట్లో ఏ నిమ్మకాయ ఉన్నా ఆ చెట్టుదే.

తర్వాత ఎవరూ ఆవిణ్ణి ఏమీ అనలేదు. గొడవ జరగలేదు. కాయలకి వెళ్ళడం మానేశారు, అంతే. పక్షం రోజులు గడిచేసరికి ఆ చెట్టు కింద పండి రాలిన కాయలు పసుపుపచ్చగా పరుచుకున్నాయి. ఆ తర్వాత గోధుమరంగుకి తిరిగాయి. బడికి ఆ దారినే వెళ్ళేదాన్ని. పులిసిన నిమ్మకాయల వాసన దడి దగ్గరికి రాగానే ముక్కుకి తగిలేది. మామ్మ కూడా ఆవిణ్ణి వదిన అనడం మానేసింది. “ఆవిడ” అనడం మొదలుపెట్టింది.

పిల్లాణ్ణి భీమవరం తీసుకెళ్ళారు. డాక్టరు పచ్చకామెర్లన్నాడు. రెండు నెలలకి లేచి తిరిగాడు. జబ్బు పేరు తెలిసింది, తగ్గింది. అయినా ఆ మాట మాత్రం వీధిలో అలాగే ఉండిపోయింది.

ఆ రోజుల్లో నాకు ఆ మాట ఎక్కడ వినిపించినా ఒళ్ళు జలదరించేది. మా పురోహితుడు తాతగారింట్లో ఒకసారి ఎర్రగుడ్డలో చుట్టిన రెండు పాత పుస్తకాలు చూశాను. ఒకదాని మీద పూర్వప్రయోగం అని, రెండోదాని మీద అపరప్రయోగం అని ఉంది. నా గుండె ఆగినంత పనైంది. పెళ్ళిళ్ళు చేయించే తాతగారు, అందరికీ అక్షింతలు వేసే తాతగారు ఇలాంటి పుస్తకాలు ఇంట్లో పెట్టుకున్నారా? ఆయన నా మొహం చూసి పుస్తకం విప్పి చూపించారు. మొదటిదాంట్లో పెళ్ళి, ఉపనయనం, నామకరణం లాంటివి ఎలా చేయించాలో వరసగా ఉంది. రెండోది పోయినవాళ్ళకి చేసే కర్మకాండ. “ఏ మంత్రం ఎక్కడ చెప్పాలో, ఏ పని దాని వెనక రావాలో, ఆ వరసని ప్రయోగం అంటారమ్మా. మీ నాన్న పెళ్ళి కూడా ఈ పుస్తకం చూసే చేయించాను” అన్నారు.

ఆయనకి మాటల మీద ప్రేమ ఎక్కువ. ఆ రోజు చాలాసేపు చెప్పారు. యుజ్ అనే ధాతువు ఉంది, దానికి కలపడం, పూన్చడం అని అర్థం. ఎద్దుని కాడికి కట్టడం కూడా ఆ ధాతువే. దాని ముందు ‘ప్ర’ చేరిస్తే ప్రయోగం. ‘ఉప’ చేరిస్తే ఉపయోగం, ‘వి’ చేరిస్తే వియోగం, ‘ఉత్’ చేరిస్తే ఉద్యోగం. పూజలో ‘జపే వినియోగః’ అంటాం కదా, అదీ ఇదే ఇంటి పిల్ల అన్నారు. ఆయన చెప్పిన వరసలో ‘అభియోగం’ కూడా ఉంది. అంటే నేరం మోపడం. ప్రయోగానికి తోబుట్టువే. మా వీధి చివరింటి మీద పడ్డ మాట నిజానికి ఇదేనని ఆ వయసులో నాకు తట్టలేదు.

ఆయన దగ్గరే ఇంకో సంగతి తెలిసింది. మంత్రశాస్త్రంలో ఆరు కర్మలు చెప్పారట: శాంతి, వశ్యం, స్తంభనం, విద్వేషణం, ఉచ్చాటనం, మారణం. మొదటిది శాంతి. జబ్బులు తగ్గడానికి, గ్రహదోషాలు పోవడానికి చేసేది. జనం నోట మిగిలింది మాత్రం చివరివే. ఇప్పుడు పేపరు తెరిస్తే ఈ మాటలన్నీ వేరే బతుకు బతుకుతున్నాయి. వానకి ట్రాఫిక్ స్తంభిస్తుంది. యుద్ధం గురించి రాస్తే మారణహోమం అంటారు. పోలీసులు బాష్పవాయువు ప్రయోగిస్తారు, బలప్రయోగం చేస్తారు. చదివేవాళ్ళలో ఒక్కరికీ మంత్రగాడు గుర్తుకు రాడు.

కృత్య కథ కూడా మా అరుగు మీద విన్నదే. అంబరీషుడు ఏకాదశి వ్రతం చేసి, ద్వాదశి ఘడియలు దాటిపోతున్నాయని అతిథి కంటే ముందు నీళ్ళు పుచ్చుకున్నాడు. దుర్వాసుడికి కోపమొచ్చింది. తన జట పీకి నేలకేసి కొడితే కృత్య పుట్టింది. విష్ణుచక్రం ఆ కృత్యని కాల్చేసి దుర్వాసుడి వెంట పడింది. మూడులోకాలు పరిగెత్తినా ఆయనకి దిక్కు లేకపోయింది. చివరికి అంబరీషుడే చక్రాన్ని ప్రార్థించి శాంతింపజేశాడు. నాకు అప్పట్లో కృత్య మీదే ధ్యాస, అది ఎలా ఉంటుందో ఊహించుకుని రాత్రిళ్ళు దుప్పటి ముసుగు పెట్టేదాన్ని. పాడుపని చేస్తే అకృత్యం, పొద్దున్నే లేచి చేసుకునేవి కాలకృత్యాలు, రోజూ చేసే పని నిత్యకృత్యం. అన్నీ ‘చేయడం’ అనే ఒక్క ధాతువు నుంచి వచ్చినవే. మన చేతబడిలోనూ ‘చేత’ ఉంది కదా.

దీనికి మాటలు కూడా ప్రాంతాన్ని బట్టి మారతాయి. చేతబడి అంతటా తెలుసు. మా వైపు చిల్లంగి అంటారు, చెడుపు అని కూడా అంటారు. తెలంగాణలో బాణామతి. బీఈడీలో నాతో చదివిన ఒకమ్మాయిది కిర్లంపూడి దగ్గర చిల్లంగి అనే ఊరు. పేరు చెప్పగానే హాస్టల్లో అందరూ ఒక అడుగు వెనక్కి వేసేవాళ్ళని, తనకి మాత్రం ఆ మాట వింటే చెరుకుతోటలూ వాళ్ళమ్మా గుర్తొస్తారని చెప్పేది. ‘మందు’ సంగతీ అంతే. డాక్టరిచ్చేది మందు, చేలో కొట్టేది మందు, సాయంత్రం తాగేది మందు. ‘మొగుడికి మందు పెట్టింది’ అన్నప్పుడు మాత్రం అందరూ గొంతు తగ్గిస్తారు.

తెలుగు మేష్టారు కర్తరి ప్రయోగం, కర్మణి ప్రయోగం చెప్పిన రోజు నాకు మరీ బాగా గుర్తుంది. బోర్డు మీద ‘రాముడు రావణుని చంపెను’ అని రాసి, దాని కింద ‘రావణుడు రామునిచేత చంపబడెను’ అని రాశారు. రెండో వాక్యంలో ‘చేత’ కిందా ‘బడ’ కిందా గీతలు గీశారు. ఈ రెండూ కనిపిస్తే కర్మణి అని గుర్తు పెట్టుకోండి అన్నారు. నేను ఆ రెండు గీతల వంకే చూస్తున్నాను. చేత. బడ. ఆ రెండూ కలిపితే ఏమవుతుందో నాకు ఇంట్లో వినీ వినీ తెలుసు. ఉండబట్టలేక లేచి అడిగేశాను.

“మేష్టారూ, చేతబడి కూడా కర్మణి ప్రయోగమేనా అండీ?”

క్లాసంతా గొల్లుమంది. మేష్టారు నవ్వలేదు. సుద్దముక్క బల్ల మీద పెట్టి ఆలోచించారు. “వ్యాకరణం ప్రకారం కాదమ్మా. కానీ నువ్వు చూసింది బాగానే చూశావ్. కర్మణిలో ఒక సౌకర్యం ఉంది. ‘గోడ కూల్చబడెను’ అని ఊరుకోవచ్చు. ఎవరు కూల్చారో చెప్పక్కర్లేదు. అందుకే మన తెలుగులో మాట్లాడేటప్పుడు ఈ వాక్యం ఎక్కువ వాడం. చేసినవాడి పేరు చెప్పడమే మనకి అలవాటు” అన్నారు. తర్వాత ఆయనే చెప్పారు, కవులు వాడిన తీరుని కూడా ప్రయోగం అంటారని. ఒక మాట తప్పో ఒప్పో తేలనప్పుడు పెద్దలు ‘దీనికి ప్రయోగం ఉందా’ అని అడుగుతారట. ‘ప్రయోగశరణా వైయాకరణాః’ అని సంస్కృతంలో ఒక మాట ఉందని, జనం ఎలా వాడితే వ్యాకరణం దాని కాళ్ళ మీద పడాల్సిందేనని అన్నారు. నాకు ఆ రోజు ఎంత సంతోషమేసిందో చెప్పలేను. భయపడే మాటకి ఇన్ని గదులున్న ఇల్లు ఉందని తెలిసి, ఒక్కో తలుపూ తీసి చూడాలనిపించింది.

అదే ఏడాది సెప్టెంబరు 20న శ్రీహరికోట నుంచి పీఎస్‌ఎల్‌వి రాకెట్‌ని మొదటిసారి పంపారు. సాయంత్రం రేడియోలో వార్తలు. నాన్న చెవి ఒగ్గి వింటున్నారు. ‘ప్రయోగం విఫలమైంది’ అని చదివారు. రాకెట్టూ ఉపగ్రహమూ బంగాళాఖాతం పాలయ్యాయి. నాన్న “అయ్యో” అన్నారు. లోపల పప్పు రుబ్బుతున్న మామ్మకి వార్తలో ఆ రెండు ముక్కలే చెవినపడ్డాయి. పొత్రం ఆపి, రెండు చేతులూ జోడించి అంది: “పోనీలే, మంచిదే అయింది. ఎవరో బతికిపోయారు.”

నాన్న వివరించబోయి ఆగిపోయారు. పిండి అంటిన చేతులతో, ముక్కూ మొహం తెలియని మనిషెవరో గండం గడిచి బయటపడ్డారని అంత మనస్ఫూర్తిగా దణ్ణం పెడుతుంటే ఏం వివరిస్తారు? మామ్మది క్రూరమైన మనసు కాదు. ఇది చెప్పకుండా మిగతాది చెబితే ఆవిడకి అన్యాయం చేసినట్టే. ఆవిడకి ముగ్గురు పిల్లలు పురిట్లోనే పోయారు. ఎందుకు పోయారో చెప్పే డాక్టరు ఆ రోజుల్లో ఆ చుట్టుపక్కల లేడు. అప్పుడు ఊళ్ళో దొరికిన సమాధానం ఈ మాటొక్కటే. పిల్లాడు అన్నం ముట్టకపోతే ఆవిడ భయమంతా ఆ పాత సమాధానంలోకే పోయింది.

మరుసటి ఏడాది 1994 అక్టోబరు 15న రెండో పీఎస్‌ఎల్‌వి విజయవంతమైంది. 804 కిలోల ఉపగ్రహాన్ని కక్ష్యలో పెట్టింది. అప్పటికి మామ్మ ఈ ప్రయోగం వేరని తెలుసుకుంది. “ఈసారి పైకెళ్ళిందా?” అని తనే అడిగింది. వెళ్ళిందంటే, “అక్కణ్ణించి ఏం చేస్తుందే?” అంది. మన భూమిని ఫొటోలు తీస్తుంది మామ్మా, పంటలూ నీళ్ళూ చూస్తుంది అన్నాను. “మన చేను కూడా కనిపిస్తుందా?” అని ఆకాశం వంక చూసింది. కానీ ఈ రెండు రాకెట్ల మధ్యలో జరిగింది చెప్పాలి. ఇదంతా రాయడానికి కూర్చున్నది దానికోసమే.

1994 ఫిబ్రవరి 28, సోమవారం. సైన్సు దినోత్సవం. రామన్ తన ఎఫెక్ట్‌ని ప్రకటించిన రోజు. మా సైన్సు మాస్టారు స్కూలు వరండాలో ప్రదర్శన పెడతానన్నారు. శుక్రవారం నాడే చెప్పారు, ఎవరైనా నిమ్మకాయలు తెండర్రా అని. ఎవరూ చెయ్యెత్తలేదు. మా వీధి పిల్లలం ఆరుగురం ఉన్నాం, ఆరుగురం తలొంచుకున్నాం. నాకు దడి అవతల రాలిపోయిన కాయలు కనిపించాయి. చెయ్యెత్తాను.

ఆదివారం సాయంత్రం వెళ్ళాను. ఎనిమిది నెలల తర్వాత ఆ దొడ్లో కాలు పెట్టడం. అమ్మమ్మ గిలక దగ్గర బిందె పెట్టి నా వంక అలాగే చూసింది. బళ్ళోకి నిమ్మకాయలు కావాలన్నాను.

“మీ మామ్మకి చెప్పే వచ్చావా?”

లేదన్నాను. ఇంకేం మాట్లాడలేదు. చెట్టు దగ్గరికెళ్ళి, కొమ్మ వంచి, కాయ కాయా నొక్కి చూసి ఆరు కోసింది. కోస్తుంటే ముల్లు గీసుకుని మణికట్టు దగ్గర చిన్న నెత్తురు బొట్టు లేచింది. చీరకొంగుతో అద్దేసుకుంది. కాయలు నా సంచిలో వేసి, పైన రెండు నిమ్మాకులు పెట్టింది. ఆకులెందుకని అడిగితే, “వాడిపోకుండా ఉంటాయి” అంది.

మాస్టారు మొదట పసుపు నీళ్ళు చేశారు. గ్లాసులో పసుపు కలిపి, తమలపాకుల డబ్బాలోంచి తీసిన సున్నం కాస్త వేశారు. నీళ్ళు ఎర్రగా మారిపోయాయి. మా ఇళ్ళల్లో దిష్టి తీసే ఎర్రనీళ్ళు అందరికీ తెలిసినవే. కానీ ఆయన మా కాయ ఒకటి కోసి ఆ ఎర్రనీళ్ళలో పిండారు. ఎరుపు పోయి మళ్ళీ పసుపు వచ్చేసింది. అది మాత్రం మాలో ఎవరూ ఎప్పుడూ చూళ్ళేదు. క్షారం కలిస్తే పసుపు ఎర్రబడుతుంది, ఆమ్లం కలిస్తే వెనక్కి వస్తుంది అన్నారు.

తర్వాత ఇంకో కాయ అందరికీ చూపించి బల్ల మీద పెట్టారు. చాకు తీసుకుని కళ్ళు మూసుకుని కాసేపు నిలబడ్డారు. కోస్తే ఎర్రటి రసం ఆయన వేళ్ళ మీదుగా కారింది. ఆడపిల్లల వరసలో ఒకమ్మాయి కెవ్వుమంది. నాకు కడుపులో చెయ్యి పెట్టి తిప్పినట్టయింది. ఆ కాయలు తెచ్చింది నేను. చెట్టు ఎవరిదో మా ఆరుగురికీ తెలుసు.

మాస్టారు చాకు మా దగ్గరికి తెచ్చి చూపించారు. పొద్దున్నే మందారపూల రేకలు దాని మీద బాగా రుద్ది ఆరబెట్టారట. నిమ్మరసంలో ఆమ్లం తగిలితే ఆ మందార రసం ఎర్రగా మారుతుంది. తర్వాత మామూలు చాకు తీసి మూడో కాయ నా చేతికిచ్చి, “నువ్వు కొయ్యి” అన్నారు. నా చేతులు వణికాయి. కోశాను. తెల్లగా, మామూలుగా, కళ్ళలోకి చింది మండేలా రసం వచ్చింది. మిగిలిన కాయలు బిందెడు నీళ్ళలో పిండించి, పంచదార కలిపించి, మొదటి గ్లాసు ఆయన తాగారు. రెండోది నేను తాగాను. తర్వాత మా వీధి ఐదుగురూ తాగారు.

“ప్రయోగం అంటే నలుగురి ముందూ చేసేది. మళ్ళీ చేసి చూపించమంటే చూపించేది” అన్నారాయన. ఇప్పుడు నేను మా పిల్లలకి చెప్పేదీ ఆ మాటే, ఆయన గొంతుతోనే.

రాత్రి అన్నాల దగ్గర మామ్మకి మొత్తం చెప్పేశాను. కాయలు ఎక్కడివో కూడా చెప్పాను. అమ్మ నా వంక కళ్ళెర్రజేసింది. మామ్మ ముద్ద కలుపుతూ ఆగిపోయింది.

“మేష్టారు తాగారా ఆ నీళ్ళు?”

“ఆయనే ముందు తాగారు.”

“నువ్వో?”

“రెండు గ్లాసులు.”

ఆ రాత్రి నాకు మెలకువ వచ్చినప్పుడల్లా నా నుదుటి మీద మామ్మ చెయ్యి ఉంది. ఒకసారి లాంతరు ఒత్తి పెంచి నా కళ్ళు చూసింది. తెల్లారింది. నాకు ఏమీ కాలేదు. ఆకలేస్తోందంటే రెండు అట్లు ఎక్కువ వేసింది. మర్నాడు రాత్రీ నుదురు తడిమింది, మూడో రాత్రీ తడిమింది. ఆ వారమంతా మిగతా ఐదుగురు పిల్లల ఇళ్ళకీ ఏదో ఒక మిషతో వెళ్ళొచ్చింది.

ఆ మధ్యలో పురోహితుడు తాతగారు అరుగు మీద అశ్వత్థామ కథ చెప్పారు. అర్జునుడూ అశ్వత్థామా ఇద్దరూ అస్త్రాలు ప్రయోగించారు. లోకం తగలబడిపోతుందని మునులు అడ్డుపడితే అర్జునుడు తన అస్త్రాన్ని వెనక్కి తీసుకున్నాడు. అశ్వత్థామకి ప్రయోగించడం వచ్చు, ఉపసంహారం చేతకాలేదు. అది పోయి ఉత్తర కడుపులో ఉన్న బిడ్డ మీద పడింది. మామ్మ ఎన్నిసార్లో విన్న కథ అది. ఆ రోజు మాత్రం మధ్యలో లేచి లోపలికి వెళ్ళిపోయింది.

శివరాత్రి వెళ్ళింది. ఎండలు బాగా కాస్తున్నాయి. ఒక ఉదయం మామ్మ వెడల్పాటి స్టీలు బేసిన్ కడిగి, తుడిచి నా చేతికిచ్చింది.

“నిమ్మకాయలు ఓ పాతిక పట్రా. ఊరగాయ పెడదాం.”

ఎక్కడ్నించి అని నేను అడగలేదు. తనూ చెప్పలేదు. నేను బేసిన్ పట్టుకుని వీధిలో నడుస్తుంటే రెండు అరుగుల మీద నుంచి చూశారు. అమ్మమ్మ బేసిన్ని గుర్తుపట్టింది. “ఇది మీ మామ్మ సామానులోది” అంది. పాతిక లెక్కపెట్టి వేసింది. బేసిన్ ఎత్తి నా చంకన పెట్టబోయి, మళ్ళీ దించి, ఇంకో ఐదు వేసింది.

మామ్మ కాయలు తుడిచి, ఎనిమిదేసి ముక్కలు కోసి, ఉప్పూ పసుపూ కలిపి జాడీలో పెట్టింది. మూడో నాడు ముక్కలు పిండి డాబా మీద చాప పరిచి ఆరబెట్టింది. ఊట జాడీలోనే ఎండలో పెట్టింది. మెంతిపిండీ, కారమూ కలిపి ఇంగువ పోపు వేసిన రోజు ఇల్లంతా ఘుమఘుమలాడింది. ఎప్పుడూ కొత్త ఊరగాయ మొదటి ముద్ద నాన్నకే పెట్టేది. ఆ రోజు చిన్న గాజుసీసా నింపి, మూత బిగించి, సీసా చుట్టూ అంటిన నూనె తుడిచి నా చేతికిచ్చింది.

“వదినకిచ్చి రా. ఉప్పు చాలిందో లేదో చూడమన్నానని చెప్పు.”

పరిగెత్తాను. అమ్మమ్మ గడపలోనే నిలబడి మూత తీసి, వేలితో కాస్త ఊట తీసుకుని నాలిక మీద వేసుకుంది. కళ్ళు మూసుకుని చాలాసేపు చప్పరించింది.

“ఉప్పు చాలింది. కారమే కాస్త తగ్గిందని చెప్పు, వదినతో.”